ఆ నల్ల బైక్ ఎపిసోడ్ ఎవరికైనా గుర్తుందా?

#1 గోదారి_గట్టు | శనివారం రాత్రి 10:42

అందరికీ నమస్కారం. ఇక్కడ చదవడమే తప్ప ఎప్పుడూ రాయలేదు. ఒక్క విషయం ఏళ్ల తరబడి నా బుర్ర తినేస్తోంది. మీలో ఎవరైనా తేలుస్తారేమోనని రాస్తున్నాను.

దూరదర్శన్ సూపర్ హీరో సీరియల్ శక్తిమాన్‌లో ఒక ఎపిసోడ్. విలన్ కిల్విష్ మనుషులు ఊరంతా చీకటి చేసేస్తారు. శక్తిమాన్ ఒక గుహలో ఇరుక్కుంటాడు. ఎగరడానికి ఎప్పట్లా గిర్రున తిరుగుదామంటే చోటు చాలదు, చేతులు గోడకి తగులుతుంటాయి. అప్పుడు నల్ల బైక్ మీద నల్ల హెల్మెట్ పెట్టుకుని ఒకడొస్తాడు. ముఖం కనపడదు. బైక్‌తో గుహ గోడ బద్దలు కొడతాడు. ఆఖర్న తాడిచెట్టంత ఇనప మనిషి ఒకడొచ్చి కొండని ఎత్తి పక్కన పెడతాడు. ముగ్గురూ చేతులు కలుపుతారు.

90ల చివర్లో ఒక ఎండాకాలం, నిడదవోలు దగ్గర మా ఊరు. నాకు తొమ్మిదేళ్లు. ఒట్టు, నేను చూశాను. ఇంట్లో చెప్తే నవ్వుతున్నారు. యూట్యూబ్ అంతా గాలించాను, దొరకలేదు. ఎపిసోడ్ నంబర్ తెలిసినవాళ్లు చెప్పి పుణ్యం కట్టుకోండి.

#2 యాంటెన్నా_బాబాయ్ | శనివారం రాత్రి 10:58

తమ్ముడూ, ఎపిసోడ్ సంగతి తెలీదు గానీ ఆ బైక్ ఎవరిదో నాకు తెలుసు. అది స్ట్రీట్ హాక్ అనే అమెరికా సీరియల్‌లోది.

జెస్సీ మాక్ అని ఒక పోలీసు. కాలికి దెబ్బ తగిలితే కుర్చీలో కూర్చునే ఉద్యోగం ఇస్తారు. పగలు ఆ ఉద్యోగం, రాత్రి ఆ నల్ల బైక్. వెనకాల ఒక గదిలో కంప్యూటర్ ముందు నార్మన్ అనే బక్క మనిషి కూర్చుని దారి చెప్తుంటాడు. హైపర్‌థ్రస్ట్ అనే బటన్ నొక్కితే గంటకి 300 మైళ్లు. మైలంటే ఎంతో మాకు తెలీదు, 300 అంటే మాత్రం చాలా ఎక్కువని తెలుసు.

ఇది అమెరికాలో 1985లో వచ్చింది. మన దూరదర్శన్‌కి తర్వాత చేరింది. నాకైతే ఏళ్ల తరబడి వచ్చినట్టే గుర్తు. తీరా పెద్దయ్యాక లెక్క చూస్తే మొత్తం 13 ఎపిసోడ్లు! వాళ్ల దేశంలో జనం చూడక ఆపేశారు. ఇక్కడ మాత్రం మా వీధిలో సైకిల్ ఉన్న ప్రతివాడూ జెస్సీ మాకే. వెనక చక్రం కడ్డీలకి తగిలేలా ఒక పేకముక్కని బట్టల క్లిప్పుతో బిగించేవాళ్లం. తొక్కుతుంటే టపటపమని ఇంజన్ చప్పుడు. మా నాన్నగారి పేకలో ఇస్పేటు రాజు అలా పోయాడు. దాని ఫలితం నా వీపు మీద కనిపించింది.

అయితే ఒక్క మాట. స్ట్రీట్ హాక్ మా ఇంట్లో ఆడిన రోజులకి శక్తిమాన్ పుట్టలేదు. శక్తిమాన్ మొదలైంది 1997 సెప్టెంబర్‌లో. ఇద్దరూ ఒకే ఎపిసోడ్‌లోకి ఎలా వస్తారు?

#3 నాగ్రాజ్_సికింద్రాబాద్ | శనివారం రాత్రి 11:20

నాకు ఇంకో డౌట్ ఉంది అన్నా. బైక్ అంటే సూపర్ కమాండో ధ్రువ కూడా కావొచ్చు. హిందీ రాజ్ కామిక్స్ హీరో. పసుపు, నీలం డ్రెస్సు, నడుముకి నక్షత్రం బెల్టు. రాత్రిపూట రాజ్‌నగర్‌లో మోటార్‌సైకిల్ మీద తిరుగుతుంటాడు.

మా ఇంట్లో తెలుగే గానీ మా గల్లీలో అందరికీ హిందీ వచ్చు. సికింద్రాబాద్ స్టేషన్ బుక్‌స్టాల్‌లో కొన్న ఒక్క కామిక్ పది ఇళ్లు తిరిగేది. మళ్లీ నా చేతికి వచ్చేసరికి అట్ట ఉండేది కాదు. ఆ కామిక్స్‌లోనే ఇంకో హీరో నాగ్‌రాజ్ 1986లో వచ్చాడు, ధ్రువ 1987లో. 1991లో ఇద్దర్నీ ఒకే పుస్తకంలో కలిపారు. ఆ వార్త మా గల్లీకి చేరిన రోజు ఎవ్వరూ క్రికెట్ ఆడలేదు.

నాగ్‌రాజ్ రక్తం నిండా కంటికి కనపడనంత చిన్న పాములే. ఊపిరి వదిలినా విషమే. ధ్రువకి ఏ శక్తీ లేదు. సర్కస్‌లో పెరిగాడు, జంతువులతో మాట్లాడతాడు, బుర్ర పెడతాడు, అంతే. అయినా ఇద్దరూ కలిసినప్పుడు ప్లాన్ ధ్రువదే ఉండాలి. అట్ల ఉంటేనే మజా.

#4 ప్లేనో_పెద్దోడు | శనివారం రాత్రి 11:47

ఇక్కడ అమెరికాలో పగలు, ఆఫీసులో దొంగచాటుగా టైపు చేస్తున్నాను. పంక్చుయేషన్ అడగొద్దు.

గోదారి గారూ, మీరు చెప్పినలాంటివి నిజంగానే టీవీలో వచ్చాయి కాబట్టి మిమ్మల్ని కొట్టిపారేయలేను. బిల్ బిక్స్‌బీ హల్క్ సీరియల్ 1982లో అయిపోయింది. 1988లో మళ్లీ ఒక టీవీ సినిమా తీసి అందులోకి థోర్‌ని తెచ్చారు. ఆ మరుసటి ఏడాది డేర్‌డెవిల్‌ని తెచ్చారు. హల్క్‌కి గ్రాఫిక్స్ ఏమీ లేవు, లూ ఫెరిగ్నో అనే కండల వీరుడికి ఆకుపచ్చ రంగు పూసి వదిలారు. చొక్కా చిరిగితే చాలు, మనకి పైసా వసూల్. అంతకుముందు 1967లో బ్యాట్‌మన్ సీరియల్‌లోకి ఇంకో సీరియల్ హీరో గ్రీన్ హార్నెట్ వచ్చాడు, పక్కన అతని అసిస్టెంట్ కాటోగా సాక్షాత్తూ బ్రూస్ లీ! బ్రూస్ లీ, రాబిన్ కొట్టుకుంటారు, ఇద్దరూ సమానం అని తేలుస్తారు. రాబిన్‌తో బ్రూస్ లీ సమానం. నేను ఈ తీర్పుని ఇప్పటికీ ఒప్పుకోను.

నా కల మాత్రం ఒక్కటే. నైట్ రైడర్ సీరియల్‌లోని కారు కిట్, స్ట్రీట్ హాక్ బైక్ ఒకే రోడ్డు మీద. కిట్‌కి మాట వచ్చు, బైక్‌కి రాదు. కారు ఆపకుండా నస పెడుతుంటే బైక్ ఓపిగ్గా వింటూ పోతుండాలి.

#5 జెటిక్స్_బ్యాచ్ | ఆదివారం ఉదయం 8:15

అంకుల్స్ అందరికీ గుడ్ మార్నింగ్ 🙏

మీ హీరోలు ఒకరొకరుగా కష్టపడ్డారు పాపం. మా పవర్ రేంజర్స్ మొదట్నుంచీ ఐదుగురు, అదీ తెలుగులో మాట్లాడేవాళ్లు. స్కూల్ నుంచి రాగానే జెటిక్స్ ఛానెల్. టీం అప్ కోసం కలలు కనాల్సిన ఖర్మ మాకు పట్టలేదు. చిన్న సైజు విలన్ చచ్చిపోతే పెద్ద సైజులో లేస్తాడు, వీళ్ల రోబోలు ఐదూ కలిసి ఒక రోబో అవుతాయి. రోజూ ఇదే. అయినా రోజూ చూశాం.

శక్తిమాన్ నేనూ చూశా, లాక్‌డౌన్‌లో, 2020 ఏప్రిల్ నుంచి మళ్లీ వేశారుగా. మా నాన్న పక్కన కూర్చుని ప్రతి సీన్‌కీ కళ్లు తుడుచుకున్నాడు. నేను గ్రాఫిక్స్ చూసి కళ్లు తుడుచుకున్నా. కానీ సీరియస్‌గా చెప్తున్నా, చూసినంతలో నల్ల బైక్ లేదు, ఇనప మనిషి లేడు.

#6 యాంటెన్నా_బాబాయ్ | ఆదివారం ఉదయం 9:02

బాబూ జెటిక్స్, మీ రేంజర్ల రోబోకి తాత ఎవరో తెలుసా? మా జెయింట్ రోబో. జపాన్‌లో తోయీ కంపెనీ 1967లో తీసింది, 26 ఎపిసోడ్లు. జానీ సొకో అనే పిల్లాడు చేతి గడియారంలో మాట్లాడితే ఆ రోబో వస్తుంది. ముఖం ఈజిప్టు రాజు బొమ్మలా ఉంటుంది. వేళ్లలోంచి రాకెట్లు. ఆఖరి ఎపిసోడ్‌లో విలన్ గిలటిన్‌ని పట్టుకుని, పిల్లాడు ఆగమని ఏడుస్తున్నా వినకుండా, ఆకాశంలోకి ఎగిరిపోయి పేలిపోతుంది. 80ల్లో దూరదర్శన్‌లో అది చూసి మా తమ్ముడు రెండు పూటలు అన్నం తినలేదు.

ఇదే తోయీ కంపెనీ 1978లో స్పైడర్‌మాన్ సీరియల్ కూడా తీసింది. మార్వెల్ వాళ్ల దగ్గర హక్కులు తీసుకునే తీసింది. కానీ సాలెగూడు ఒక్కటే అయితే పిల్లలకి ఏం సరిపోతుందనుకున్నారో ఏమో, స్పైడర్‌మాన్‌కి కూడా ఒక పెద్ద రోబోని ఇచ్చారు! దాని పేరు లియోపార్డన్. కాబట్టి మనం పిచ్చివాళ్లం కాము. మన లాంటి పిచ్చి ఉన్నవాళ్లకి అక్కడ డబ్బులు దొరికాయి.

గోదారి తమ్ముడూ, నువ్వు చెప్పిన ఇనప మనిషి గడియారంలో పిలిస్తే వచ్చాడా?

#7 గోదారి_గట్టు | ఆదివారం ఉదయం 9:30

అవును బాబాయ్ గారూ!! గడియారమే! ఒక చిన్న పిల్లాడు గడియారం నోటి దగ్గర పెట్టుకుని పిలుస్తాడు. నేను రాయడం మర్చిపోయాను, మీకెలా తెలిసింది? అంటే మీరూ చూశారన్నమాట!

#8 యాంటెన్నా_బాబాయ్ | ఆదివారం ఉదయం 9:33

నేను చూసింది వేరు తమ్ముడూ. నాకు ఇప్పుడు ఇంకా అనుమానం పెరిగింది.

#9 పాత_చందమామ | ఆదివారం ఉదయం 11:10

ఆడవాళ్లు ఈ చర్చలోకి రాకూడదని బోర్డేమీ లేదుగా? అయితే నాదీ ఒక టీం.

మీరంతా విదేశీ సరుకు చెప్తున్నారు. ఖడ్గవర్మ, జీవదత్తుడు ఏమయ్యారు? శిఖిముఖి, విక్రమకేసరి ఏమయ్యారు? చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం గారు రాసిన సీరియళ్లలో హీరోలు జంటలుగానే తిరిగేవారు. ఒకడిది కత్తి, ఒకడిది మంత్రం. చిత్రా గారి బొమ్మల్లో ఆ కొండలూ, ఏనుగు తలల రాక్షసులూ మీ టీవీలో ఎక్కడున్నాయి? ఆ సీరియళ్ల మీద రచయిత పేరు కూడా వేసేవారు కాదు. ఎవరు రాశారో మాకు పెద్దయ్యాకే తెలిసింది.

నా చిన్నప్పటి గందరగోళం ఒకటి చెప్తాను. మా పెద్దనాన్న నాగపూర్‌లో రైల్వే. వచ్చేటప్పుడు హిందీ ఇంద్రజాల్ కామిక్స్ తెచ్చేవారు. ఫాంటమ్‌కి హిందీలో పేరు వేతాల్. అమెరికాలో లీ ఫాక్ 1936లో పుట్టించిన ముసుగు మనిషి, మా ఇంటికి వచ్చేసరికి వేతాళుడు. నాకేమో చందమామ భేతాళుడొక్కడే తెలుసు, చెట్టుకి వేలాడేవాడు. ఇద్దరూ ఒకడే అనుకున్నాను! అంటే విక్రమార్కుడి భుజం మీద శవంగా ఉన్నప్పుడు తెల్లగా ఉంటాడు, డ్యూటీ దిగాక ఊదారంగు డ్రెస్ వేసుకుని గుర్రం ఎక్కి అడవిలో దొంగల దవడ మీద పుర్రె ముద్ర వేస్తాడు. ఎంత బాగా అతికిందో చూడండి. విక్రమార్కుడు నోరు విప్పగానే ఎగిరిపోయి ఎక్కడికి వెళ్తున్నాడు అనే ప్రశ్నకి నాకు ఏడేళ్ల వయసులోనే జవాబు దొరికింది: ఇంకో ఉద్యోగానికి.

#10 అద్దెపుస్తకం | ఆదివారం మధ్యాహ్నం 12:05

మేడమ్ గారికి దండం. డ్యూటీ దిగిన భేతాళుడు! గంట నుంచి నవ్వుతున్నాను.

మాది గుంటూరు, అద్దె పుస్తకాల షాపు బ్యాచ్. మధుబాబు గారి షాడో, కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్, అసిస్టెంట్ రాజు. ఇంటర్లో ఫిజిక్స్ పుస్తకం మధ్యలో షాడో లేని రోజు లేదు. షాడో, యుగంధర్ ఒక కేసులో కలిస్తే ఎలా ఉంటుందని నా పక్క బెంచీ వాడితో రెండేళ్లు గొడవపడ్డాను. వాడన్నాడు, షాడో తలుపు బద్దలు కొట్టి లోపలికి వెళ్లేసరికి యుగంధర్ అప్పటికే లోపల సోఫాలో కూర్చుని ఉంటాడు, ఎందుకంటే తాళం ఎవరి దగ్గరుందో ముందురోజే కనిపెట్టాడు కాబట్టి. అంతకన్నా మంచి సీన్ నేను ఇప్పటిదాకా ఆలోచించలేకపోయాను.

ఇక అసలు సమస్య. శక్తిమాన్‌ని టీంలో పెడితే మిగతావాళ్లకి పనేముంటుంది? కుండలిని మేల్కొన్నవాడు, పంచభూతాలు చేతిలో ఉన్నవాడు. ఆయన ఒక్క చుట్టు తిరిగితే కథ అయిపోతుంది. మీ నల్ల బైక్‌వాడు టీ తెచ్చిపెట్టడానికా?

#11 నాగ్రాజ్_సికింద్రాబాద్ | ఆదివారం మధ్యాహ్నం 12:31

కరెక్ట్ పాయింట్ పట్టినవ్ అన్నా. బలం ఎక్కువున్నోడిని ఎక్కడన్న ఇరికించాలి. మా కామిక్స్‌లో గట్లనే చేస్తరు. నాగ్‌రాజ్‌ని ముందే స్పృహ తప్పిస్తరు, లేకపోతే వేరే లోకంలో పడేస్తరు. అప్పుడు ధ్రువ పని మొదలైతది. కోహ్‌రామ్ అని ఒక దాంట్లో అందర్నీ దింపిన్రు, నాగ్‌రాజ్, ధ్రువ, డోగా, పరమాణు, ఇంకా చాలామంది. అంతమందికి తలా ఒక పని పెట్టాలంటే రాసేటోడి తల పగలాలె.

మధ్యలో ఒక ముక్క. చాచా చౌధరీ కామిక్స్‌లో ఆయన దగ్గరుండే భారీ మనిషి సాబూది జూపిటర్ గ్రహం. ధ్రువ పెరిగింది జూపిటర్ సర్కస్‌లో. కాబట్టి ఇద్దరూ ఒకే ఊరోళ్లు. మీరెవరూ ఇది రాయకండి, నా ఐడియా.

#12 ప్లేనో_పెద్దోడు | ఆదివారం మధ్యాహ్నం 12:50

అమెరికా కామిక్స్ వాళ్లదీ అదే తంటా. 1976లో రెండు వేర్వేరు కంపెనీల సూపర్‌మాన్‌నీ స్పైడర్‌మాన్‌నీ ఒకే పుస్తకంలో కొట్టుకునేలా చేశారు. సూపర్‌మాన్ ఒక్కటిస్తే స్పైడర్‌మాన్ పచ్చడి అవ్వాలి. అందుకని విలన్ లెక్స్ లూథర్ చేత స్పైడర్‌మాన్‌కి కాసేపు అదనపు బలం ఇప్పించారు. దెబ్బలు అయ్యాక షరా మామూలే, ఇద్దరూ ఫ్రెండ్స్. 1994లో స్కూలు కుర్రాడు ఆర్చీని, తుపాకీ పట్టుకుని తిరిగే పనిషర్‌ని కలిపి కూడా ఒకటి తీశారు. నిజంగా ఉంది, నా దగ్గర కాపీ ఉంది. ఐస్‌క్రీం షాపు ముందు పనిషర్ నిలబడితే ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి.

అన్నట్టు ఫాంటమ్, మాండ్రేక్, ఫ్లాష్ గోర్డన్ ముగ్గుర్నీ కలిపి 1986లో డిఫెండర్స్ ఆఫ్ ది ఎర్త్ అని కార్టూన్ సీరియల్ వచ్చింది. మన ఇంద్రజాల్ బీరువా మొత్తం ఒకే టీం.

#13 పాత_చందమామ | ఆదివారం మధ్యాహ్నం 1:15

దీనికి మన కథల్లో ఎప్పుడో మందుంది కదండీ: షరతు. విక్రమార్కుడు ఎంత వీరుడైనా నోరు విప్పితే పని చెడుతుంది. విప్పకపోతే తల పగులుతుంది. బలం తగ్గించక్కర్లేదు, ఒక శాపమో ఒక నియమమో పెడితే చాలు.

గోదారి బాబు చెప్పిన ఎపిసోడ్‌లో నాకు నచ్చింది అదే. తిరగడానికి చోటు లేని గుహ! శక్తిమాన్‌ని ఆపడానికి అంతకన్నా తెలివైన పద్ధతి ఉంటుందా? మంత్రం లేదు, మాయ లేదు, ఇరుకు గది అంతే. అది రాసినవాళ్లెవరో గానీ గట్టివాళ్లు.

#14 జెటిక్స్_బ్యాచ్ | ఆదివారం మధ్యాహ్నం 1:40

గోదారి అన్నా, ఒక చిన్న డౌట్. ఆ బైక్ అతను ఏమన్నా మాట్లాడాడా? డైలాగ్ గుర్తుంటే వెతకడం ఈజీ.

#15 గోదారి_గట్టు | ఆదివారం మధ్యాహ్నం 2:05

బాగా గుర్తుంది. శక్తిమాన్ "నువ్వెవరు?" అంటాడు. అతను "పేరుతో పనేంటి, పక్కకి జరుగు" అంటాడు. గోడ పగిలాక పిల్లలంతా చుట్టూ మూగితే, "దాహంగా ఉంది, ఒక గ్లాసు మజ్జిగ ఇప్పించండి" అని హెల్మెట్ తియ్యకుండానే తాగుతాడు.

#16 అద్దెపుస్తకం | ఆదివారం మధ్యాహ్నం 2:09

మజ్జిగ?

#17 జెటిక్స్_బ్యాచ్ | ఆదివారం మధ్యాహ్నం 2:10

అన్నా, అది హిందీ సీరియల్. నీకు డైలాగులు తెలుగులో గుర్తున్నాయి.

#18 గోదారి_గట్టు | ఆదివారం మధ్యాహ్నం 2:32

అందులో వింతేం లేదు తమ్ముడూ. నాకు హిందీ రాదు. మా అక్క పక్కన కూర్చుని ఎప్పటికప్పుడు తెలుగులో చెప్పేది. హిందీ ప్రచార సభ పరీక్షల్లో మధ్యమ పాసైంది, రాష్ట్రభాష కడుతోంది. అందుకని మా వీధి మొత్తానికి ఆవిడే అనువాదం. ఆదివారం పన్నెండింటికి మా ముందు గదిలో పదిహేను మంది పిల్లలు చాప మీద. అక్క ఒక్కతే కుర్చీలో.

ఆ అనువాదాలు కూడా మామూలువి కావు. ఆఖర్న పిల్లలకి నీతులు చెప్పే ముక్క వచ్చేది కదా, "ఛోటీ ఛోటీ మగర్ మోటీ బాతే" అని. "చిన్న చిన్న కానీ లావు మాటలు" అని చెప్పింది. పంటికి బ్రష్ చేసుకోండి అనేది లావు మాట ఎలా అవుతుందని చాలాకాలం ఆలోచించాను. కిల్విష్ "అంధేరా కాయమ్ రహే" అంటే ఏంటక్కా అంటే "కరెంటు పోవాలి" అంది. మాకు ఆ రోజుల్లో సరిగ్గా ఆదివారం మధ్యాహ్నమే కరెంటు పోయేది. వాడు ఆ మాట అనడం, ఫ్యాన్ ఆగడం. కిల్విష్ కరెంటాఫీసులో పనిచేస్తాడని నేను గట్టిగా నమ్మాను. ఒకసారి బిల్లు కట్టడానికి నాన్నతో వెళ్లి కౌంటర్ లోపలికి తొంగి చూశాను కూడా.

#19 అద్దెపుస్తకం | ఆదివారం మధ్యాహ్నం 2:51

యుగంధర్ గారి మీద ఒట్టేసి ఒక ప్రశ్న అడుగుతాను. బాగా ఆలోచించి జవాబు చెప్పండి.

ఊరంతా చీకటి. గుహ. నల్ల బైక్. నల్ల హెల్మెట్. ముఖం కనపడదు. మీకు ఈ ఎపిసోడ్‌లో నలుపు కాని రంగు ఒక్కటైనా గుర్తుందా? శక్తిమాన్ డ్రెస్సు రంగు కాదు, అది అందరికీ తెలిసిందే. ఈ ఎపిసోడ్‌లో కళ్లతో చూసింది ఒక్కటి చెప్పండి.

#20 నాగ్రాజ్_సికింద్రాబాద్ | ఆదివారం మధ్యాహ్నం 2:53

వామ్మో.

#21 యాంటెన్నా_బాబాయ్ | ఆదివారం మధ్యాహ్నం 2:58

నేను పొద్దున్నే అటే అనుకున్నాను, చెప్పడానికి నోరు రాలేదు. స్ట్రీట్ హాక్ వచ్చేనాటికి ఈ తమ్ముడు ఇంకా చంటి పిల్లాడు. జెయింట్ రోబో అంటే అసలు పుట్టనే లేదు. ఆ రెండూ చూసిన మనిషి ఎవరో ఆ ఇంట్లో ఇంకొకరున్నారు. తమ్ముడూ, మీ అక్క నీకన్నా ఎన్నేళ్లు పెద్ద?

#22 గోదారి_గట్టు | ఆదివారం మధ్యాహ్నం 3:20

తొమ్మిదేళ్లు.

ఇరవై నిమిషాల నుంచి ఫోన్ పట్టుకుని కూర్చున్నాను. రంగు ఒకటే గుర్తొస్తోంది. స్టీలు గ్లాసు. మజ్జిగ గ్లాసు అంచు మీద కిటికీలోంచి ఎండ పడుతోంది. అది టీవీలోది కాదు, మా ఇంట్లోది.

అక్కకి ఫోన్ చేస్తున్నాను.

#23 జెటిక్స్_బ్యాచ్ | ఆదివారం మధ్యాహ్నం 3:22

నేను పాప్‌కార్న్ పెట్టుకున్నా. ఎవరూ పోస్టు చెయ్యకండి.

#24 ప్లేనో_పెద్దోడు | ఆదివారం మధ్యాహ్నం 3:41

ఇక్కడ తెల్లవారుజామున ఐదు. నిద్రపోకుండా రిఫ్రెష్ కొడుతున్నాను. మా ఆవిడ ఆఫీసులో ఏమన్నా ప్రాబ్లమా అని అడిగింది. అవునన్నాను.

#25 గోదారి_గట్టు | ఆదివారం సాయంత్రం 4:36

మాట్లాడాను. మొదట పది నిమిషాలు నవ్వడమే సరిపోయింది ఆవిడకి.

జరిగింది ఇది. ఆ రోజు శక్తిమాన్ మొదలైన ఐదు నిమిషాలకే కరెంటు పోయింది. అంతకుముందు రెండు ఆదివారాలు కూడా అలాగే అయింది. నేను చాప మీద పడి దొర్లి దొర్లి ఏడ్చానట. నన్ను చూసి ఇంకో నలుగురు మొదలెట్టారట. అమ్మ లోపలి నుంచి అట్లకాడ పట్టుకుని వచ్చేలోపు అక్క అందట, "ఏడవకండి, ఈ ఎపిసోడ్ కథ నాకు తెలుసు, హిందీ పేపర్లో ముందే వేశారు." మాకు పేపరే తెలుగుది వచ్చేది, అదీ పక్కింటి వాళ్లది. ఎవడికీ అనుమానం రాలేదు.

కిటికీ తలుపు సగం మూసి, టీవీ పక్కన నిలబడి చెప్పిందట. టీవీ వైపే చూస్తూ వినమందట. తెర నల్లగా ఉంది కాబట్టి అందులో జరిగేదంతా నల్లగా పెట్టింది. తనకి పదేళ్లప్పుడు పెదనాన్న గారింట్లో చూసిన బైక్ గుర్తొచ్చింది, అంతకుముందెప్పుడో చూసిన రోబో గుర్తొచ్చింది. పేర్లు మర్చిపోయింది, అందుకే "పేరుతో పనేంటి" అనిపించింది. మజ్జిగ మాత్రం, సరిగ్గా అప్పుడే అమ్మ అందరికీ గ్లాసులు తెచ్చి ఇచ్చింది కాబట్టి.

పాతికేళ్ల పైన ఒక ఎపిసోడ్ కోసం వెతికాను. అది మా ముందు గదిలో ఒక్కసారే వచ్చింది.

#26 పాత_చందమామ | ఆదివారం సాయంత్రం 4:50

నేను "రాసినవాళ్లెవరో గానీ గట్టివాళ్లు" అన్నాను. ఆ మాట మీదే ఉన్నాను. బాబూ, మీ అక్కగారిని ఇక్కడికి తీసుకురండి.

#27 అద్దెపుస్తకం | ఆదివారం సాయంత్రం 4:55

కేసు క్లోజ్. రాజూ, కారు తియ్యి.

కానీ ఒక్కటి తేలలేదు. శక్తిమాన్ గుహలో ఎందుకు ఇరుక్కున్నాడు? అంతటివాడు ఇరుకు గుహలోకి వెళ్లాల్సిన అవసరం ఏమొచ్చింది?

#28 నాగ్రాజ్_సికింద్రాబాద్ | ఆదివారం సాయంత్రం 5:12

నాకు డ్రాయింగ్ వస్తది. అక్క కథ పూర్తిగా చెప్తే నేను బొమ్మలేస్త. ఎనిమిది పేజీలు, బ్లాక్ అండ్ వైట్. ఎట్లాగూ అంతా నలుపే కదా, ఇంకు ఖర్చు తప్ప ఇంకేం లేదు.

#29 అక్క_ఒరిజినల్ (కొత్త సభ్యురాలు, పోస్టులు: 1) | సోమవారం రాత్రి 9:40

అందరికీ నమస్కారమండీ. వీడు లింకు పంపితే మొత్తం చదివాను. వంట పూర్తయ్యాక తీరిగ్గా రాస్తున్నాను.

ఏరా, అన్నీ చెప్పి అసలుది మర్చిపోయావా? శక్తిమాన్ గుహలోకి వెళ్లింది నీ కోసమే. పక్కింటి చంటిగాడు గోడ మీంచి దూకి నేను శక్తిమాన్‌ని అని చెయ్యి విరగ్గొట్టుకున్నాడు గుర్తుందా, ఆ వారమే. నువ్వు కూడా పెరటి గోడ ఎక్కి కూర్చుంటున్నావని అమ్మ హడలిపోతోంది. అందుకని కథలో నిడదవోలు నుంచి ఒక పిల్లాడు గోడ మీంచి దూకి గుహలో పడతాడు, వాణ్ని తియ్యడానికి శక్తిమాన్ దిగి ఇరుక్కుంటాడు. గడియారంతో రోబోని పిలిచిన పిల్లాడు కూడా వాడే. వాడి పేరు నీ పేరే పెట్టాను. నీకు బైక్ గుర్తుంది, మజ్జిగ గుర్తుంది, నువ్వు మాత్రం గుర్తులేవు.

ఇంకోటి, ముగ్గురూ చేతులు కలపడంతో కథ అయిపోలేదు. కిల్విష్ ఇంకా బయటే ఉన్నాడు. నల్ల బైక్‌వాడు హెల్మెట్ తియ్యబోతుండగా కరెంటు వచ్చేసింది. టీవీలో ఏదో ప్రకటన వస్తోంది. మీరంతా నన్ను వదిలేసి అటు తిరిగిపోయారు.

బొమ్మలేస్తానన్న బాబు ఎవరో గానీ, మిగతా కథ చెప్తాను. కానీ ఇలా టైపు చేస్తే నాకు రాదు. మా అపార్ట్‌మెంట్‌లో జనరేటర్ ఉంది, కరెంటు పోయినట్టే తెలీదు. వచ్చే నెల ఊరెళ్తున్నాను. అక్కడ పోయినప్పుడు ఫోన్ చేస్తాను, రాసుకోండి.